మామిడిగడ్డిలో ఇరవైమూడు గొట్టాలు

ఇరవైమూడు గాజు గొట్టాలు. ఒక్కోటి నా మధ్యవేలంత పొడవు. అన్నీ కలిపి తక్కెట్లో వేసినా రెండు బంగినపల్లి కాయల బరువు తూగవు. వాటిని పాతికేళ్ళకు పైగా మోస్తున్నాను. దింపుకునే చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర దింపుతున్నాను.

ముందే ఒక మాట. నేను కోతలు కోసే మనిషిని. నూజివీడు బస్టాండు పక్క టీకొట్లో ఎవరినడిగినా చెప్తారు. మా తోటలో ఒక చిన్నరసం చెట్టుందనీ, దాని కింద నిలబడి ఆవులిస్తే పండు సరిగ్గా నోట్లోనే పడుతుందనీ, అందుకే మా తాత తోటకు వెళ్ళేముందు రెండోసారి పళ్ళు తోముకునేవాడనీ చెప్పి, చదువుకున్న ఒక గుమాస్తాను మూడు సీజన్ల పాటు ఆ చెట్టు కోసం తిప్పినవాణ్ణి. అలాంటివాడు నిజం చెప్తానంటే మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. ఇందులో నవ్వొచ్చే చోట్లు తక్కువ, మొదట్లోనే కానిచ్చేయడం మంచిది.

ఎనభైల చివర. బీయస్సీ గట్టెక్కాను. మా నాన్నకు నూజివీడులో మామిడి వ్యాపారం. ఆ బుట్టలు, గడ్డి, లారీల కేకల నుంచి తప్పించుకోవాలని, సముద్రం పక్కనున్న ఒక యూనివర్సిటీలో ప్రాజెక్టు ఉద్యోగంలో చేరాను. పేరు ఫీల్డ్ అసిస్టెంటు. పని నీళ్ళు మోయడం. అలా తక్కువ చేసి చెప్తున్నాను గానీ, నిజానికి అంత బాగున్న రోజులు నాకు మళ్ళీ రాలేదు. కిటికీ తీస్తే ఉప్పుగాలి. బల్ల మీద స్పిరిట్ దీపం. పక్క బల్ల దగ్గర ఎస్తేరు.

ఎస్తేరు అసలు పేరు కాదు, మార్చాను. మాది నూజివీడైతే ఆమెది రెడ్డిగూడెం. వాళ్ళ నాన్నగారు మిషను బడి హెడ్మాస్టరు. నాకంటే రెండేళ్ళు పెద్ద, డాక్టరేటు కోసం పరిశోధన చేస్తోంది. నేను ‘ఎస్తేరు గారూ’ అనేవాణ్ణి. ఆమె నన్ను ‘షావుకారు గారూ’ అని పిలిచేది, వెక్కిరింపుగానే. మా వైపు మనుషులు ఇద్దరమే అక్కడ. వేసవి వస్తే చాలు, రసాలు గొప్పవా బంగినపల్లి గొప్పదా అని జెల్ పలకలు కడుగుతూ పోట్లాడుకునేవాళ్ళం.

ఆమె పని ఏమిటో చెప్పాలి. సముద్రంలో చీకట్లో మెరిసే బాక్టీరియా ఉంటాయి. చేప చర్మం మీద, రొయ్య తల మీద. నీలం, ఆకుపచ్చ కలిసిన వెలుగు. కంటికి అన్నీ ఒకటే. ఏది ఏ ఊరి సముద్రానిదో, ఏది ఏ వంగడమో చూసి చెప్పలేం. అప్పుడే కొత్తగా ఒక పద్ధతి వచ్చింది. బాక్టీరియా లోపలి డీఎన్ఏను బయటికి తీసి, ఎంజైముతో ముక్కలుగా కత్తిరించి, జున్నులా వణికే జెల్ పలకలో ఒక అంచున పోసి కరెంటు పెడతారు. ముక్కలు పరిగెడతాయి. చిన్నవి ముందు, పెద్దవి వెనక. చివరికి నిచ్చెన మెట్ల లాంటి గీతలు మిగులుతాయి. ఒక్కో వంగడానికి ఒక్కో నిచ్చెన. మనుషులకు వేలిముద్రలున్నట్టే. కోస్తాలో అప్పుడప్పుడే రొయ్యల చెరువులు తవ్వుతున్నారు, మెరిసే జబ్బొకటి తగిలి పిల్లరొయ్యలు కుప్పలుగా పోతున్నాయి. ఆ జబ్బు ఏ కాలువలోంచి వచ్చిందో ఈ వేలిముద్రలతో పట్టుకోవచ్చని ఎస్తేరు నమ్మకం. ఆ పద్ధతి పనిచేస్తుందని చూపించడమే ఆమె థీసిస్. ఆమె నాలుగేళ్ళ బతుకు.

ఆమెకు కావలసిందల్లా ఆరు ఊళ్ళ సముద్రం. తెచ్చే పని నాది.

భీమిలి, ఉప్పాడ, అంతర్వేది, మంగినపూడి, నిజాంపట్నం, చీరాల. ఊరికి నాలుగు గొట్టాలు. ఐసుపెట్టె భుజాన వేసుకుని మే నెల ఎండలో బయలుదేరాను. ప్రతి ఊళ్ళో లాడ్జి బాత్రూం తలుపు వేసుకుని, కిటికీకి దుప్పటి కట్టి, చీకట్లో చేపల మీద మెరిసే చుక్కలను సూదితో ఏరి గొట్టాల్లోకి ఎక్కించేవాణ్ణి. చేపల కంపుకు ఒక లాడ్జివాళ్ళు నన్ను గెంటేశారు కూడా. ఆరు ఊళ్ళూ తిరిగాను. ఇది గుర్తుపెట్టుకోండి. నేను నిజంగానే తిరిగాను. ఇరవైనాలుగు గొట్టాలూ నిజంగానే మెరిశాయి.

చీరాలలో రైలెక్కి నేరుగా యూనివర్సిటీకి వెళ్ళిపోవాలి. బెజవాడలో దిగాను. ఐసు మార్చుకోవడానికని నాకు నేను చెప్పుకున్నాను. ఐసు మార్చుకున్నాను కూడా. కానీ అక్కడ నూజివీడు బస్సు నిలబడి ఉంది. కండక్టరు మా ఊరి పేరు అరుస్తున్నాడు. మే నెల రెండో వారం. ఆ వారంలో మా ఇల్లు ఎలా ఉంటుందో మీకెలా చెప్పను? పెరట్లో గదినిండా వరిగడ్డి, గడ్డినిండా కాయలు, తలుపు తీస్తే ముఖానికి కొట్టే ఆ తీపి ఆవిరి. నాన్న గుమ్మంలో కూర్చుని తొడిమ దగ్గర వాసన చూసి, ఇది చాట్రాయి ఎర్రనేల కాయ, ఇది మైలవరం కాయ అని కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఒక్కసారీ తప్పేది కాదు. రెండూ ఒకేలా ఉండేవి, ఒకే రసం, ఒకే రంగు. అయినా ఆయనకు తెలిసేది. అలాంటాయన కొడుకుని నేను. ఒకేలా కనిపించేవన్నీ ఒకటి కావని నాకు ఎవరైనా నేర్పాలా?

ఒక్క పూట ఉందామనుకున్నాను. మూడు రోజులున్నాను.

మొదటి మధ్యాహ్నమే ఐసుపెట్టె మీద నా కళ్ళు పడ్డాయి. చల్లటి చిన్నరసం పిండుకుని తాగిన మనిషి ఇంకేదీ ఆలోచించడు. వేలెడేసి గొట్టాలకు అంత ఐసు దండగ అనిపించింది. గొట్టాలు బయటికి తీసి, పెట్టెనిండా పళ్ళు పెట్టాను. మరి గొట్టాలెక్కడ పెట్టాలి? మా ఊరికి ఐసు దిమ్మలు ఊకలో కప్పి తెచ్చేవారు. ఊక చల్లదనాన్ని పోనివ్వదు. గడ్డి కూడా అంతే కదా అనుకున్నాను. కాయలు మాగేసిన గదిలో, గడ్డిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, గొట్టాలన్నీ దాచాను.

“ఆ సీసాలేంట్రా?” అంది అమ్మ.

“సముద్రంలో దీపాలమ్మా,” అన్నాను.

అమ్మ నమ్మలేదు. నా మాటలు నమ్మడం ఆవిడ ఎప్పుడో మానేసింది.

కాయలు పరిచిన గడ్డి పొయ్యిలాంటిదని మా ఇంట్లో పాకే పిల్లలకు కూడా తెలుసు. కాయల ఊపిరికే లోపల వేడెక్కుతుంది. ఆ వేడికే అవి పండుతాయి. మా ఇంట్లో పుట్టినవాడు చేయకూడని పొరపాటు అది. ఆ మాటకొస్తే మా ఇంట్లో పుట్టినవాడు తప్ప ఇంకెవడూ చేయలేడు కూడా. సముద్రాన్ని తెచ్చి మామిడిగడ్డిలో మాగేసేవాడు ఇంకెక్కడ దొరుకుతాడు?

ఇంతవరకు పొరపాటే. ఇక్కడే ఆగి ఉంటే ఈ కాగితం అక్కర్లేదు.

ఆదివారం పొద్దున ల్యాబుకు చేరాను. ఎవరూ లేరు. చీకటిగదిలోకి వెళ్ళి గొట్టాలు ఒక్కొక్కటే పట్టి చూశాను. నలుపు. నలుపు. నలుపు. ఉప్పాడ మూడోది మాత్రం, గడ్డిలోంచి జారి గోడవారన తడిగోనె మీద పడి ఉండటం వల్ల కాబోలు, కొనఊపిరితో మిణుకుమంటోంది. మిగతా ఇరవైమూడూ చచ్చిపోయాయి.

అప్పుడు నా బుర్రలో ఏం తిరిగిందో ఎన్నోసార్లు తవ్వి చూసుకున్నాను. భయమా? కొంత. కానీ అసలు సంగతి అది కాదు. ఐసుపెట్టెనిండా ల్యాబు కోసం తెచ్చిన రసాలున్నాయి. రేపు పొద్దున అందరూ మూగుతారు, షావుకారు షావుకారు అంటారు, నేను ప్రయాణం కథలు చెప్తాను, ఎస్తేరు కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వుతుంది. ఆ పొద్దును పాడుచేసుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అంతే. ఇంత చిన్న కారణం. పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఎంత వెతికానో, దొరకలేదు.

ఎస్తేరు చర్చి నుంచి వచ్చేసరికి పన్నెండవుతుంది. నాకు రెండు గంటల వ్యవధి ఉంది. ఆ ఉప్పాడ గొట్టంలోంచి సూదితో తీసి ఇరవైమూడు కొత్త గొట్టాల్లోకి ఎక్కించాను. భీమిలి అని అంటించాను. అంతర్వేది అని అంటించాను. ఒకే చెట్టు కొమ్మలు కోసి అంట్లు కట్టి, వాటికి ఆరు ఊళ్ళ తోటల పేర్లు పెట్టినట్టు. ఏమవుతుందిలే అనుకున్నాను. మెరవడమే కదా కావాల్సింది. ఆ వేలిముద్రల పద్ధతి అంత లోతుకు చూస్తుందని నేను నమ్మలేదు. నాన్న ముక్కును నమ్మినవాణ్ణి, ఆమె జెల్‌ను నమ్మలేదు.

సోమవారం పొద్దున ఇరవైనాలుగూ మెరిశాయి. ఎస్తేరు చీకటిగదిలోంచి చప్పట్లు కొడుతూ వచ్చింది. “ఒక్కటీ చావలేదండీ! మీ చేతులకు దండం పెట్టాలి షావుకారు గారూ!” అంది. అందరూ రసాలు తిన్నారు. ఆమె సింకు మీదికి వంగి, మోచేతుల దాకా రసం కారుతుంటే, “ఒప్పుకున్నాను, రసాలే గొప్పవి,” అంది. అంత ఆనందంగా ఎప్పుడూ లేను. నిజం చెప్తానన్నాను కదా. ఇదీ నిజమే.

ఆ తర్వాత నెల రోజులకు జెల్ ఫలితం వచ్చింది. చీకటిగదిలో యూవీ దీపం వేస్తే గీతలు నారింజరంగులో వెలుగుతాయి. ఆమె, నేను, ప్రొఫెసర్ గారు, ముగ్గురం వంగి చూశాం. ఇరవైనాలుగు నిచ్చెనలు. ఇరవైనాలుగూ ఒకటే. మెట్టుకు మెట్టు.

ప్రొఫెసర్ గారు మంచి మనిషి. కేకలు వేయలేదు. అదే ఇంకా కష్టం. “ఆరు ఊళ్ళ సముద్రం ఒకటి కాదు కదమ్మా. ఏదో ఒకటి నీ చేతి మీదుగా అన్నిట్లోకీ పాకింది. చెయ్యి శుభ్రం చాల్లేదు,” అన్నారు మెల్లగా.

ఆమె గాజులు తీసేసింది. గోళ్ళు మొదలంటా కత్తిరించుకుంది. స్పిరిట్‌తో కడిగి కడిగి చేతులు ఎర్రగా పొక్కిపోయాయి. మళ్ళీ చేసింది. అదే నిచ్చెన. మళ్ళీ చేసింది. ఎంజైము బెంగుళూరు నుంచి చిన్న సీసాలో వచ్చేది, అడుగున నాలుగు చుక్కలు. మూడోసారికి ఆ చుక్కలు కూడా అయిపోయాయి. మళ్ళీ ఆరు ఊళ్ళు తిరిగేంత వ్యవధి ప్రాజెక్టుకు లేదు. గొట్టాల సంగతి ఎవరూ అడగలేదు. మెరుస్తున్నాయి, పేర్లు అంటించి ఉన్నాయి, ఇంకేం కావాలి? నేను పక్క బల్ల దగ్గర గాజుసామాను కడుగుతూ ఉన్నాను. ఆమె చేతులు చూడకుండా ఉండటానికి నా చేతులు చూసుకుంటూ ఉన్నాను.

చలికాలంలో నాన్నకు ఒంట్లో బాగాలేదన్న సాకుతో ఉద్యోగం మానేసి వచ్చేశాను. నాన్న గుండ్రాయిలా ఉన్నాడు.

మళ్ళీ మే వచ్చింది. ఒకరోజు పొద్దున పదింటికి మా మామిడి గది గుమ్మంలో ఎస్తేరు. సెలవులకు రెడ్డిగూడెం వచ్చిందట. బస్సెక్కి వచ్చింది. సన్నబడిపోయింది. చేతిలో గొడుగు.

“ఏంటండీ షావుకారు గారూ, ఉద్యోగం మానేసి బుట్టలల్లుకుంటున్నారా?”

“బుట్టలు కాదండీ, మాటలల్లుతున్నా. ముడిసరుకు ఊరికే వస్తది కదా.”

నవ్వింది. బోర్లించిన బుట్ట మీద కూర్చుంది. గడ్డికి జానెడు దూరంలో.

“ఒకటడుగుతాను. నవ్వించకూడదు. కోతలు అసలే వద్దు.”

“అడగండి.”

“మీరు ఆ ఆరు ఊళ్ళకీ నిజంగా వెళ్ళారా?”

ఆమె తల దించుకునే మాట్లాడుతోంది. “తప్పుగా అనుకోకండి. యేడాది నుంచి ఆలోచిస్తున్నాను. అన్నీ ఒకటే వచ్చాయంటే, ఆ పద్ధతే పనికిరాదనుకోవాలి, లేకపోతే నా చేతుల తప్పవ్వాలి, అదీ కాకపోతే తెచ్చిన గొట్టాల్లోనే... అన్నీ ఒకచోటివే అవ్వాలి. పద్ధతిని అనుమానించలేనండీ, దాన్ని నేను నమ్ముతాను. అందుకే మిమ్మల్నడుగుతున్నాను. మీరు వెళ్ళలేదంటే కోప్పడను. ప్రమాణం చేసి చెప్తున్నాను, కోప్పడను.”

“వెళ్ళానండీ.”

“మీ వెంకన్న మీద ఒట్టేసి చెప్పండి.”

“వెంకన్న మీదొట్టు. ఆరింటికీ వెళ్ళాను.”

తర్వాత ఆగలేదు నేను. అంతర్వేది రేవులో పడవ దిగుతూ ఎడంకాలి చెప్పు గోదాట్లో పోగొట్టుకున్నది చెప్పాను. లాడ్జివాళ్ళు గెంటేసింది చెప్పాను. నిజాంపట్నంలో చేపలమ్మే ముసలామె నా సీసాలు చూసి, “ఉప్పునీళ్ళు మూటకట్టుకుపోయే పిచ్చోణ్ణి నిన్నే చూశా నాయనా, మీ ఊళ్ళో పప్పులోకి ఉప్పు దొరకదా?” అన్నది, ఆమె గొంతుతో సహా చెప్పాను. ఎస్తేరు నవ్వకూడదనుకుంటూనే నవ్వింది.

“మరి లేబుళ్ళు?”

“నా చేత్తోనే అంటించానండీ. ఒక్కోటి.”

నా జీవితంలో అంతసేపు ఒక్క కోత కూడా లేకుండా ఎప్పుడూ మాట్లాడలేదు. ప్రతి మాటా నిజం. పిట్టకథలు చెప్పి ఎంతమందినో ఆడించాను గానీ, ఎవరికీ ఏమీ పోలేదు. నిజాలు చెప్పి ఒక్కరినే ముంచాను.

అప్పుడామె పండు తీసుకుందామని గడ్డిలో చెయ్యి పెట్టింది. మోచేతి దాకా. సరిగ్గా అక్కడే.

“అబ్బా! ఏంటండీ ఇది, లోపల కాలిపోతోంది! గుడ్లు పెడితే పొదిగేట్టుంది!”

చెయ్యి తీయలేదు. ఆ వేడి ఎంతుందో చూస్తున్నట్టు కాసేపు అలాగే ఉంచింది. నేను ఆ చేతినే చూస్తున్నాను. ఒక్క మాట చాలు. ‘ఇక్కడేనండీ’ అంటే చాలు. నోట్లో ఉంది ఆ మాట. ఇప్పటికీ ఉంది.

“కాయల ఊపిరండీ,” అన్నాను.

ఆమె పండు బయటికి తీసి, అరచేతులు రెండూ తిప్పి చూసుకుంది. “అయితే నా చేతులేనన్నమాట,” అంది. ఏడవలేదు. ఏదో వెతుకుతున్నది దొరికినట్టు అంది. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, పన్నెండు గంటల బస్సుకు వెళ్ళిపోయింది.

థీసిస్ పూర్తి చేయలేదు. మైలవరం వైపు ఒక బడిలో సైన్సు టీచరుగా చేరింది. మంచి టీచరని పేరుంది. మీరు ‘అయితే బాగానే స్థిరపడింది కదా’ అనుకుంటారేమో. నేను కూడా చాలా యేళ్ళు అలాగే అనుకున్నాను. ఆమె ‘వెళ్ళారా’ అని అడిగింది, ‘వెళ్ళాను’ అన్నాను, అడగనిదానికి జవాబు చెప్పకపోవడం అబద్ధమెలా అవుతుందని కూడా వాదించుకున్నాను. వాదనలో ప్రతిసారీ నేనే గెలుస్తాను. గెలిచిన రోజున అన్నం సయించదు. ఇప్పుడు ఏ జబ్బు ఎక్కడ పుట్టిందో ఆ వేలిముద్రలతోనే తేలుస్తున్నారని పేపర్లో కనిపిస్తే, ఆ పేజీ మడిచి కాయల కింద వేసేస్తాను. ఆమె నమ్మినదే నిజమైంది. ఆమెను ఆమె నమ్ముకోకుండా చేసినవాణ్ణి నేను.

చెప్తే మాత్రం నమ్ముతుందా, ఇదీ ఒక కోతే అని నవ్వేస్తుంది కదా? ఇది నా ఇంకో సాకు. నమ్ముతుంది. గడ్డి వేడి ఆమె చేతికి గుర్తుంటుంది. నమ్ముతుందనే చెప్పలేదు.

ప్రతి వేసవికీ మా కొట్టుకు రసాల కోసం వస్తుంది. జుట్టు నెరిసింది. ఇప్పటికీ ‘షావుకారు గారూ’ అనే పిలుస్తుంది. బుట్ట ముందు పెడితే ముట్టుకోదు. “మీరే ఏరండీ, నా చెయ్యి మంచిది కాదు,” అంటుంది నవ్వుతూ. ఎప్పుడో నొప్పిగా మొదలైన మాట, ఆమెకది ఇప్పుడు ఊతపదమైపోయింది. మొన్న కూడా అంది. నేను ఏరి ఇచ్చాను. డజను చిన్నరసాలు, ఒక్క మచ్చ లేనివి. ఆమె బస్సెక్కాక కొట్టు తలుపు దగ్గరగా వేసి, ఈ కాగితం తీశాను.

క్షమించమని అడగడానికి కాదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు, అడగాల్సిన చోట నోరు పెగలలేదు. ఎక్కడో ఒకచోట ఒక్క వాక్యం సరిగ్గా రాసి ఉండాలనిపించింది, అంతే.

ఆ ఇరవైనాలుగు గొట్టాల్లో ఉన్నది ఒకటే. జెల్ ఒకటేనని చెప్పింది. మూడుసార్లు చేసినా మెట్టు కూడా తప్పకుండా చెప్పింది. అంత కచ్చితంగా పనిచేసిన చేతులు అవి.

ఆమె చేతులు శుభ్రంగానే ఉన్నాయండీ. మురికి నా చేతులది.